రెండు లెక్కపెట్టేంతసేపు

వయోమింగ్‌లో, మంచు ఇంకా వదలని ఒక చిన్న ఊళ్ళో, డార్లా నడిపే తుపాకుల కొట్టు. సోమవారం ఉదయం. వచ్చినవాళ్ళు ఇద్దరే: ముసలి వర్జిల్, అతని భార్య లియోటా.

“బూట్లు, వర్జిల్.”

“ఇది కొట్టు, లియోటా. మన వంటిల్లు కాదు.”

“అయితే డార్లా నేల తుడుచుకోవాలా నీ వెనకాల? ఆ చాప మీద మంచు దులుపుకుని రా.”

“పోనివ్వండి టీచర్. మీరు చూశారో లేదో, ఆయన కంటే ముందు నేనే ఆగిపోయాను. కౌంటరు వెనక నిలబడి నా కాళ్ళకేసి చూసుకున్నాను. మీ నాలుగో తరగతి దాటి ముప్పై రెండేళ్ళయింది, ఆ మాట ఇంకా వదల్లేదు నన్ను.”

“నువ్వు ఎప్పుడూ ఎడమ బూటు మరిచిపోయేదానివి.”

“అదీ నిజమే. మా ఇంట్లో నేను గొంతు చించుకున్నా పిల్లలు బురద కాళ్ళతో అలాగే లోపలికి పోతారు. మీరు గట్టిగా కూడా అనేవారు కాదు. ఒక్క మాట. క్లాసు క్లాసంతా గుమ్మంలో ఆగిపోయేది.”

“మీ బడి ముచ్చట్లు తరవాత చెప్పుకోండి, డార్లా. నాకు ఎక్కువసేపు నిలబడే ఓపిక లేదు. మా ఆవిడకి ఒక చిన్న రివాల్వర్ కావాలి. ఇవాళే.”

“కూర్చోండి వర్జిల్‌గారూ, ఆ స్టూలు లాక్కోండి. ఆక్సిజన్ సీసా ఇలా పెట్టండి, తగులుకుంటుంది. గురువారం సంగతేనా?”

“ఏ గురువారం?”

“టీచర్, ఊరంతా అనుకుంటూనే ఉంది.”

“అనుకోనీ.”

“దాచేదేముంది, లియోటా? అవును, డార్లా. గురువారం మా అబ్బాయి డెల్‌ని జైలు నుంచి వదిలేస్తున్నారు. తొమ్మిదేళ్ళన్నారు, తొమ్మిదీ అయిపోయాయి. పెళ్ళాన్ని కొట్టి చంపినవాడికి తొమ్మిదేళ్ళు.”

“మార్సీ. ఆ పిల్లకి పేరుంది, వర్జిల్.”

“మార్సీని. సరే. దాని కూతురు మా దగ్గరే పెరుగుతోంది గదా, జూనీ. దానికోసం వస్తున్నానని రాశాడు. అడ్డమొచ్చినవాళ్ళని మార్సీ దగ్గరికే పంపిస్తానని రాశాడు.”

“షెరిఫ్‌కి చూపించారా ఆ ఉత్తరం?”

“చూపించాను. సంతకం లేదన్నారు. అక్షరాలు డెల్‌వేనన్నాను. ఎలా చెప్పగలరన్నారు. దిద్దించింది నేనేనన్నాను. రాసుకున్నారు.”

“రాసుకుని?”

“రాసుకున్నారు. అంతే.”

“ఏదైనా అయితే ఫోన్ చెయ్యమన్నారు, డార్లా. మా ఇంటికి వాళ్ళ కారు రావడానికి యాభై నిమిషాలు. మంచు పడిందంటే గంటన్నర. వాడు మా గుమ్మం తొక్కకూడదని కోర్టువాళ్ళు కాయితం ఇచ్చారులే. ఫ్రిజ్ తలుపుకి అంటించాం, జూనీ గీసిన గుర్రం పక్కన.”

“మరి మీ దగ్గర పొడుగు తుపాకులు ఉండాలి గదా, వర్జిల్‌గారూ? నలభై ఏళ్ళు వేటాడారు.”

“ఉన్నాయి. ఈ చేతులు చూడు. కాఫీ కప్పు ఎత్తితే సగం నా ఒళ్ళోనే. డాక్టరు నేను వసంతం దాకా ఉంటానన్నాడు, ఏ వసంతమో చెప్పలేదు. పొడుగుది ఈవిడ ఎత్తలేదు. అందుకే చిన్నది. అదిగో, ఆ రెండో వరసలోది ఇలా ఇవ్వు. ఆఁ! ఇదే. ఈకలాగుంది. ఆడవాళ్ళ చేతికనే చేసినట్టుంది.”

“పెళ్ళాం కోసమని వచ్చిన ప్రతి మగాడూ ఆ మాటే అంటాడు. ఈకలాగుందని మురిసిపోయి కొంటాడు. ఇంటికెళ్ళాక ఆవిడ ఒక్కసారి పేలుస్తుంది. గాడిద తన్నినట్టు తంతుంది అరచేతిని. తేలికదే ఎక్కువ తంతుంది, వర్జిల్‌గారూ. ఆవిడ మళ్ళీ దాన్ని ముట్టుకోదు. సాక్సుల సొరుగులో పడుంటుంది. నాలుగేళ్ళకి నా దగ్గరికే తిరిగొస్తుంది అమ్మకానికి, ఒక్క తూటా కాల్చి.”

“మీ ఇంట్లో కూడానా?”

“మా ఆయన తెచ్చింది ఇప్పటికీ సాక్సుల కిందే ఉంది టీచర్. అతని పరువు కోసం ఉంచాను. ఇది పట్టుకోండి. ఉక్కుది, బరువు. ఆ బరువే తన్నుని మింగేస్తుంది. మీ చేతికే ఇస్తాను, ఆయన చేతికి కాదు. డబ్బులు ఎవరిచ్చినా పట్టుకునేది మీరు.”

“ఖాళీయేనా?”

“ఖాళీయే. కానీ మీరు తెరిచి చూసుకోవాలి. నేను చెప్పానని నమ్మకూడదు. మొదటి పాఠం అదే.”

“మంచి పాఠం. అయిదు అరలు. అయిదూ ఖాళీ.”

“ఇప్పుడు ఆ గోడ మీద గడియారం కేసి పెట్టి ట్రిగ్గర్ లాగండి. ఊఁ, లాగండి. ఇంకా వెనక్కి. ఇంకా.”

“ఇంత దూరం రావాలా?”

“రివాల్వర్‌కి అంతే. పొరపాటున పేలకూడదని పొడుగ్గా, బిగుతుగా ఉంచుతారు. కీళ్ళు నొప్పా?”

“నొప్పి సంగతి కాదు. ఎంతసేపు పడుతుందో చూస్తున్నాను. ఒకటి. రెండు. అదిగో, ఇప్పుడు పడింది.”

“మీరు లెక్కపెడుతున్నారు.”

“ఇంకోసారి. ఒకటి. రెండు. మళ్ళీ అంతే పట్టింది.”

“ఇంకో రకం పిస్తోళ్ళు ఉన్నాయి, టీచర్, పై రేకు వెనక్కి గుంజితే చాలు, ట్రిగ్గర్ మెత్తగా...”

“చూపించు. ... లేదు. నా వేళ్ళు గుంజలేవు. ఇంకోటి? దీని వెనక తూటాని కొట్టే కొక్కెం బయటికి ఉంది గదా, బొటనవేలితో ముందే ఎత్తి ఉంచితే?”

“త్వరగా పడుతుంది. కానీ మీ బొటనవేలు వంగితేనే గదా. పైగా ఆ కొక్కెం గుడ్డకి తగులుకుంటుంది. ఎక్కడ ఉంచుకుంటారు?”

“ఆప్రాను జేబులో.”

“ఆప్రానేమిటి? మంచం పక్క సొరుగులో గదా అనుకున్నాం, లియోటా!”

“నువ్వు అనుకున్నావు.”

“అర్ధరాత్రి వాడొస్తే ఆప్రాను కట్టుకుని వెళ్తావా?”

“వాడు రాత్రి రాడు, వర్జిల్. చీకటంటే వాడికి చిన్నప్పటినుంచీ పడదు. పగలొస్తాడు, వంటింటి తలుపు నుంచే. ముందు తలుపు మంచుకి బిగుసుకుపోతుందని వాడికి తెలుసు. పగలంతా నేను వంటింట్లోనే ఉంటాను. ఆ మొదటి ఉక్కుదే ఇవ్వు, డార్లా. కొక్కెం లోపల దాగి ఉన్నది. జేబులో పట్టింది చూడు.”

“ఆప్రాను కూడా తెచ్చారా మీరు?”

“సంచిలో పెట్టుకొచ్చాను. చీటీ మీద కొలత రాసుకుంటే సరిపోదు గదా.”

“చూశావా డార్లా? పెళ్ళయి నలభై ఆరేళ్ళు. బూట్లు కొనడానికెళ్ళినా మేజోళ్ళు రెండు రకాలు పట్టుకొస్తుంది.”

కొట్టు వెనక, ఒక పక్క గోడ లేని షెడ్డు. ఎదురుగా మట్టి గట్టు, దాని ముందు తాడుకి వేలాడుతున్న కాయితం పళ్ళేలు. ఆక్సిజన్ సీసా కొట్లోనే వదిలి వర్జిల్ బల్ల మీద కూర్చున్నాడు.

“చెవుల మీద ఇవి పెట్టుకోండి, టీచర్. మాట వినపడుతుంది, పేలుడే వినపడదు. వర్జిల్‌గారూ, ఆయాసం వస్తే చెప్పండి, లోపలికి తీసుకెళ్తాను.”

“ఆయాసం రాని రోజు చెప్తాలే. కానివ్వు.”

“టీచర్, ఇప్పుడు మీరు అటు తిరగండి. నేను అయిదు అరలూ నింపుతాను. కొన్ని నిజం తూటాలు, కొన్ని ఉత్తుత్తివి. ఏది ఎక్కడుందో మీకు తెలీదు. ఉత్తుత్తిది పడినప్పుడు పేలదు. అప్పుడు మీ చెయ్యి కిందికి దిగిందనుకోండి, పేలుతుందేమోనని మీ ఒళ్ళు ముందే భయపడుతోందన్నమాట. ఆ భయమే గురి తప్పిస్తుంది.”

“నేనూ ఇలాగే చేసేదాన్ని. లెక్కల కాయితంలో జవాబు లేని లెక్క ఒకటి పెట్టేదాన్ని.”

“గుర్తుంది! దానికి నేను ఏడ్చాను.”

“ఏడ్చావు. కానీ జవాబు లేదని నువ్వొక్కదానివే రాశావు. తిరగనా?”

“తిరగండి. పళ్ళెం మధ్యలోకి. రెండు చేతులతో పట్టుకోండి. తొందర లేదు.”

“ఒకటి. రెండు.”

“పేలింది. బాగుంది, పళ్ళెం అంచు తగిలింది. ఇంకోటి.”

“ఒకటి. రెండు. ... ఇది ఉత్తుత్తిది.”

“కదల్లేదు! వర్జిల్‌గారూ, చూశారా? గొట్టం వెంట్రుక మందం కూడా దిగలేదు. ముప్పై మందికి నేర్పాను, మొదటిరోజు చెయ్యి దిగనివాళ్ళు లేరు.”

“కోడి మెడ విరిచేటప్పుడు కూడా ఆవిడ మొహం మారదు. చెయ్యి సంగతి కాదు, డార్లా. చెయ్యి ఎప్పుడూ బాగానే ఉంటుంది.”

“మరేమిటి సంగతి?”

“ఆ పళ్ళేలు తీసేసి మనిషి బొమ్మ తగిలించు. అప్పుడు చూడు.”

“టీచర్, తగిలించనా?”

“పళ్ళేలు చాలు.”

“తగిలించు, డార్లా. గురువారం వచ్చేది పళ్ళెం కాదు.”

“సరే. వట్టి అట్టే, టీచర్. మొహం కూడా లేదు. నల్లటి రంగు, అంతే. తలా, భుజాలూ. కానివ్వండి. ... టీచర్?”

“తీసెయ్యి అది.”

“అదిగో! నేను చెప్పలేదూ?”

“వాడి ఎడమ భుజం కాస్త కిందికి ఉంటుంది, డార్లా. చొక్కా కుట్టినప్పుడల్లా ఆ పక్క అర అంగుళం తగ్గించేదాన్ని. ఈ బొమ్మకీ అలాగే వేలాడుతోంది.”

“అయ్యో. తాడు వదులైంది. సరిచేస్తాను, ఉండండి.”

“తీసెయ్యమన్నాను.”

“చూడు లియోటా. ఇటు చూడు. నేను పోయాక నువ్వూ జూనీ ఇద్దరే. వాడు తలుపు తోసుకుని వస్తే నువ్వేం చేస్తావో నాకు తెలుసు. కుర్చీ లాగుతావు. కాఫీ పోస్తావు. తిన్నావా అంటావు. నువ్వు తల్లివి, నీ చేత కాదు. చేత కాదని చెప్పెయ్యి, నేను ఇంకో దారి చూస్తాను. నాకిప్పుడు రాత్రుళ్ళు అదే పని. ఊపిరాడక కాదు నిద్ర పట్టనిది.”

“ఏ దారి చూస్తావు?”

“అదే గదా. లేదు ఇంకో దారి.”

“టీచర్, నా మాట వినండి. మా అక్క ఇడహోలో ఉంది. జూనీని తీసుకుని వెళ్ళిపోండి కొన్నాళ్ళు. నేను కారు నడుపుతాను.”

“ఈయన్ని ఎవరు చూస్తారు? మంచం, మిషను, నర్సు, అన్నీ ఇక్కడే. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళు? వాడికి తొందరేముంది, డార్లా? వాడు నలభై లోపువాడు. తొమ్మిదేళ్ళు ఆగినవాడు మీ అక్క ఇల్లు ఎక్కడో కనుక్కోలేడా?”

“నన్ను వదిలేసి వెళ్ళమంటే వెళ్ళదు. చెప్పి చూశాను.”

“చెప్పావు. విన్నాను.”

“విన్నావు, కానీ బొమ్మని కూడా కాల్చలేవు!”

“వర్జిల్, కోర్టులో వాడిమీద సాక్ష్యానికి ఎవరు నిలబడ్డారు?”

“అది వేరు.”

“ఎవరు నిలబడ్డారు? నువ్వు బయట వరండాలో కూర్చున్నావు.”

“... నువ్వే. నేను బయటే కూర్చున్నాను.”

“నేను కూడా వెళ్ళాను ఆ రోజు, టీచర్. వెనక వరసలో ఉన్నాను. మీరు చెప్పిందంతా విన్నాను.”

“ఏం చెప్పాను?”

“ఎందుకులెండి ఇప్పుడు.”

“చెప్పు. ఈయన వినలేదు గదా.”

“తెల్లారి ఏడింటికి వచ్చాడన్నారు. అప్పటికి మార్సీ సంగతి మీకు తెలీదు. గోధుమ రొట్టె పొయ్యిలో ఉందన్నారు. వాడు తలుపు తీసుకుని విసురుగా లోపలికొచ్చాడు, మొహం చూసి కూడా మీకేమీ అనుమానం రాలేదు. అలవాటుగా 'బూట్లు, డెల్' అన్నారట. వాడు చాప మీద ఆగిపోయాడు. వంగి, లేసులు విప్పుకుని, రెండూ గోడవార పక్కపక్కన పెట్టాడు. అప్పుడు చూశారు, వాటి మీద ఏముందో.”

“అవును. అలాగే చెప్పాను. వకీలు మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ అలాగే చెప్పాను.”

“నేను ఆ మాట ఇప్పుడే వింటున్నాను, లియోటా.”

“నువ్వు అడగలేదు.”

“డెల్ మిమ్మల్ని అలాగే చూస్తూ కూర్చున్నాడు ఆ రోజు. నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే చెప్తున్నాను టీచర్, ఏమీ అనుకోకండి. ఈ తుపాకీ మీకు అమ్మడం నాకిష్టం లేదు.”

“ఎందుకు?”

“మీ రెండు లెక్కలు. పళ్ళెం ఎక్కడికీ పోదు, అందుకని తగిలింది. మనిషి అలా ఉండడు. మీరు జేబులోంచి తీసి, ఒకటి, రెండు అని ట్రిగ్గర్ లాగేలోపు వాడు గది దాటేసి మీ మణికట్టు పట్టుకుంటాడు. బడిలో ఫుట్‌బాల్ ఆడినవాడు. అప్పుడు తుపాకీ ఎవరి చేతిలో ఉంటుంది? వాడి చేతిలో. పక్కగదిలో జూనీ. నేనే చేతులారా వాడికి ఇచ్చినట్టు అవుతుంది.”

“వేళ్ళకి అలవాటైతే? మూడు రోజులుంది.”

“కీళ్ళు మూడు రోజుల్లో బాగవవు. మీ వేలికి రెండు లెక్కలే. ఇంతకంటే తగ్గదు. నేను సరిగ్గా చెప్పకపోతే ఎవరు చెప్తారు మీకు?”

“సరిగ్గానే చెప్పావు. నేనూ రెండే అనుకున్నాను. ఒకటిన్నర అవుతుందేమోనని చూశాను, అవలేదు.”

“విన్నావుగా, లియోటా. పద. పోదాం పద ఇంటికి. చలేస్తోంది నాకు.”

“కూర్చో, వర్జిల్. డార్లా, ఆ బొమ్మని మళ్ళీ తగిలించు.”

“ఇప్పుడే గదా తీసెయ్యమన్నారు?”

“తగిలించు. దగ్గరగా. తొమ్మిది అడుగులు.”

“తొమ్మిదెందుకు?”

“మా పొయ్యి దగ్గర్నుంచి తలుపు దగ్గర చాపకి తొమ్మిది. నిన్న కొలిచాను.”

“అంత దగ్గరైతే ఒక్క అంగలో... సరే. తొమ్మిది. ఇదిగో.”

“కొంచెం కిందికి దించు.”

“కిందికా?”

“ఇంకా. నా నడుం ఎత్తుకి రావాలి తల.”

“మనిషి అంత పొట్టిగా ఉండడు, టీచర్. డెల్ ఆరడుగులు.”

“ఆరడుగుల రెండంగుళాలు. దించు. ఆఁ, అక్కడ. చాలు. ఇప్పుడు అయిదూ నిజం తూటాలే పెట్టు. ఉత్తుత్తివి వద్దు.”

“పెట్టాను. తెరిచి చూసుకోండి.”

“అయిదు. చూశాను. ఇది ఆప్రాను జేబులో పెట్టుకుంటున్నాను, డార్లా, పక్కకి రా. ఎవరూ మాట్లాడకండి. ... ఒకటి. రెండు.”

“పేలింది. టీచర్...”

“ఒకటి. రెండు.”

“లియోటా.”

“ఒకటి. రెండు. ... అయిపోయింది. మిగతా రెండూ అక్కర్లేదు. ఇదిగో డార్లా, తీసుకో. నువ్వు తెరిచి చూసుకో, నేను చెప్పానని నమ్మకు.”

“మూడూ ఒకే చోట. అరచేతితో మూసెయ్యొచ్చు. చెయ్యి వణకలేదు మీకు, ఇప్పుడూ వణకలేదు.”

“చిత్తుకాయితం రాయడం అయిపోయింది. ఇక ఆ బొమ్మ తీసెయ్యి. నేను మళ్ళీ దాన్ని చూడను.”

“నువ్వు ఏడుస్తున్నావు, లియోటా.”

“చలిగాలి. చెవులకి పెట్టింది గాని కళ్ళకి ఏమీ ఇవ్వలేదు ఈ పిల్ల.”

“నేనన్న మాట వెనక్కి తీసుకుంటాను. నీ చేత కాదన్నాను. అవుతుంది. కానీ డార్లా చెప్పింది నిజమే గదా. అట్ట ముక్క కాబట్టి నిలబడింది. నీ ముసలి వేలు రెండు లెక్కపెట్టేదాకా ఏ మనిషి నిలబడతాడు చెప్పు? వాడు ఎందుకు ఆగుతాడు?”

“ఆగుతాడు. 'బూట్లు, డెల్' అంటాను. చాప మీద ఆగి, వంగుతాడు. ఒక్క లేసు విప్పడానికే వాడికి నాలుగు లెక్కలు పడుతుంది. ఆ ముడి నేర్పింది నేనే, వర్జిల్.”